‘ఊఁ’ కొట్టే చోటునే పాట ఎత్తుకోండి

పాట, గొంతు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బతుకమ్మ దగ్గర పడుతోంది. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ‘గొంతు పోతున్నది’ అన్నవే. అందుకే మొదటి ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు ఇచ్చాం.

*ప్రశ్న: మా వాడకట్టులో ఏటా బతుకమ్మకు పాట ఎత్తుకునేది నేనే. అందరికీ వినబడాలని గట్టిగ ఎత్తుకుంట. ఎంగిలిపూల నాడు గొంతు మంచిగనే ఉంటది. నానబియ్యం బతుకమ్మ నాటికి బొంగురువోతది. సద్దుల నాడు మాటనే రాదు. ఏం జేయాలె?*
— ఒక సోదరి, నకిరేకల్

జవాబు: అక్కా, ‘గట్టిగ’ అన్నారు చూడండి, ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఆరుబయట చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనిషి గొంతు తనంతట తానే పెరుగుతుంది. గొంతు పెరిగితే దాంతోపాటు శ్రుతీ పైకి జారుతుంది. పక్క వాడలో డీజే మోగిందంటే ఇంకో రెండు మెట్లు పైకి పోతాం, పోయినట్టు మనకే తెలియదు.

మామూలుగా మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల స్వరతంత్రులు (గొంతులో అదురుతూ శబ్దం పుట్టించే రెండు మడతలు) సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పాట పైకి పోతే అది 400 దాకా వెళ్తుంది. దానికి తోడు గట్టిగా అరిస్తే ప్రతి తాకిడీ దెబ్బే. రెండు గంటలు అలా పాడితే తంత్రుల అంచులు వాస్తాయి. వాచిన అంచులు సరిగా మూసుకోవు, మధ్యలోంచి గాలి కారుతుంది, అదే బొంగురు. మర్నాడు ఆ బొంగురును దాటించాలని ఇంకా బలంగా నెడతాం, వాపు ఇంకా పెరుగుతుంది. నాలుగో రోజుకు మీ గొంతు పోవడం వెనక కథ ఇదే.

బతుకమ్మ పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల మధ్యనే తిరుగుతాయి. అంటే కష్టం పాటలో లేదు, ఎత్తుకున్న చోటులో ఉంది. మీ చోటు తెలుసుకోవడం తేలిక. ఎవరో కథ చెబుతుంటే మీరు నోరు మూసుకునే ‘ఊఁ’ కొడుతున్నారనుకోండి. ఆ ‘ఊఁ’ ఎక్కడ పడిందో అది మీ గొంతుకు సుఖమైన చోటు. పాటలోని కింది స్వరం అక్కడ గానీ, దానికి ఒకటి రెండు మెట్లు పైన గానీ ఉండాలి. హార్మోనియం ఉంటే ఆ మెట్టు మీద ముగ్గుతో చిన్న గీత పెట్టుకోండి. లేదంటే ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని చూడండి. ఆడవాళ్లకు ఎక్కువగా అది ఐదు, ఆరు శ్రుతుల (యాప్‌లో ‘జి’, ‘ఎ’) దగ్గర తేలుతుంది. పాట మొదలుపెట్టే ముందు ఒకసారి ఆ స్వరం విని ఎత్తుకోండి. ఉత్సాహంలో నాలుగో పాటకు శ్రుతి మళ్లీ పైకి పోతుంది కాబట్టి పాట పాటకూ వినాలి.

ఇక వంత సంగతి. మీరు ఒక వరుస అంటారు, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని తిరిగి అంటారు. వాళ్లు అనేటప్పుడు మీరు కూడా కలుస్తున్నారా? పాట ఎత్తుకునేవాళ్లు చాలామంది కలుస్తారు, అలవాటు అది. కలిస్తే మీ గొంతుకు పని రెండింతలు. వంత వచ్చినప్పుడు పెదాలు మాత్రం ఆడించి, చప్పట్లు కొడుతూ ఊపిరి తీసుకోండి. ఈ ఒక్క మార్పుతో మీరు పాడే సమయం సగమవుతుంది. ఇంకొకరికి కూడా పాటలు నేర్పి పెట్టుకుంటే రెండు పాటలు మీరు, రెండు పాటలు వాళ్లు పంచుకోవచ్చు.

ఊపిరి ఎక్కడ తీయాలో ఒక వరుస కల్పించుకుని చూద్దాం: ‘చెరువు కట్ట మీద ఉయ్యాలో, చేమంతి పూసింది ఉయ్యాలో’. ఊపిరి తీయాల్సింది ‘ఉయ్యాలో’ అయ్యాక. ‘చెరువు కట్ట’ అని ఆగి దమ్ము తీసి ‘మీద’ అంటే అర్థమూ తెగుతుంది, గొంతూ బిగుస్తుంది. తీసేటప్పుడు చప్పుడు రాకూడదు. ‘హా’మని చప్పుడు వచ్చిందంటే గొంతు ఇరుకై ఉందన్నమాట, ఆ గాలి తంత్రులను ఎండబెడుతుంది కూడా. భుజాలు లేవకూడదు, పొట్టా పక్కటెముకలూ వెడల్పు కావాలి. గుండెలనిండా పట్టాలని చూడకండి. ఎక్కువ గాలి పడితే అది బయటికి రావడానికి తోస్తుంది, ఆ తోపును ఆపడానికి గొంతు బిగుస్తుంది. వరుసకు సరిపడా చాలు.

‘ఉయ్యాలో’ అచ్చుతో మొదలవుతుంది. అచ్చుతో మొదలయ్యే మాటను గొంతులో ‘టక్’మని కొట్టి ఎత్తుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. ఒక సాయంత్రంలో ఆ మాట వందల సార్లు వస్తుంది, అన్ని దెబ్బలన్నమాట. ఇంట్లో కూర్చుని పదిసార్లు ‘హుయ్యాలో’ అనండి. తర్వాత ఆ ‘హ’ను మనసులోనే ఉంచుకుని ‘ఉయ్యాలో’ అనండి. దెబ్బ పోయి మాట మెత్తగా లేస్తుంది.

పాడే ముందు ఐదు నిమిషాల పని ఒకటుంది. అర లీటరు బాటిల్‌లో సగం దాకా నీళ్లు పోయండి. కొబ్బరిబోండం తాగే స్ట్రా నీళ్లలో రెండు వేళ్ల లోతు ముంచండి, అడుగుకు తగలొద్దు. పెదాలు స్ట్రా చుట్టూ మూసి ‘ఊ’ అని స్వరం తీయండి. బుడగలు ఆగకుండా సమంగా రావాలి. ఒకసారి ముక్కు మూసి చూడండి. స్వరం ఆగిపోతే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట, దాన్ని నోటిలోకి మళ్లించాలి. కింది స్వరం నుంచి పైకి, మళ్లీ కిందికి జారుడుగా ఐదుసార్లు. ఆ తర్వాత ఒక పాట మొత్తం స్ట్రాలోనే మాటలు లేకుండా పాడండి. నీళ్లు వెనక్కి తోసే ఒత్తిడి స్వరతంత్రులకు లోపలి నుంచి ఆసరా ఇస్తుంది, అవి గట్టిగా గుద్దుకోకుండానే మోగుతాయి. ఆట ముగిసి ఇంటికొచ్చాక కూడా రెండు నిమిషాలు ఇదే చేసి, ఆ రాత్రికి మాటలు తగ్గించండి.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. చాలా ఊళ్లలో ఆ రోజు బతుకమ్మ పేర్చరు. ఆ రోజు గొంతునూ పూర్తిగా వదిలేయండి, ఫోన్‌లో గంటలకొద్దీ మాట్లాడటం కూడా వద్దు. సద్దుల నాటికి అది మీకు తిరిగి దక్కుతుంది.

*ప్రశ్న: మగ్గం పని అయ్యాక రోజూ గంటసేపు ఫోన్‌లో పాఠాలు పెట్టుకుని కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. పాఠం చెప్పేది ఒక మేడం. ఆమెతో కలిసి సరళీ వరుసలు పాడుతుంటే పై ‘స’ దగ్గర గొంతు నొక్కేసినట్టు అవుతోంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. నాకు 42 ఏళ్లు. ఆలస్యంగా మొదలుపెట్టడం వల్లనా?*
— ఒక నేత కార్మికుడు, గద్వాల

జవాబు: వయసుకు దీంతో సంబంధం లేదన్నా. మీరు ఆమె శ్రుతిలో పాడుతున్నారు. ఆడవాళ్లు ఎక్కువగా ఐదో శ్రుతి దగ్గర పాడతారు. అక్కడ మధ్య షడ్జమం (స) సుమారు 196 హెర్ట్జ్, అంటే సెకనుకు 196 అదురులు, పై షడ్జమం 392. మగ గొంతు గుణం మారే చోటు సాధారణంగా 300–350 మధ్య ఉంటుంది. దాన్ని దాటి బలంగా 392కు ఎక్కాలంటే ఏ గొంతైనా నొక్కుకుపోతుంది. అదే ఒకటో శ్రుతిలో మధ్య షడ్జమం సుమారు 131, పై షడ్జమం 262. మీ గొంతు హాయిగా ఉండే మేర అది.

యాప్‌లో ‘సి’ అని ఉండేదే ఒకటో శ్రుతి. అక్కడ మొదలుపెట్టి మంద్ర పంచమం (కింది ‘ప’) దాకా దిగండి. స్వరం గరగరలాడకుండా స్పష్టంగా వినిపించాలి. తర్వాత తార గాంధారం (పై ‘స’ దాటాక వచ్చే ‘గ’) దాకా ఎక్కండి. గడ్డం పైకి లేవకూడదు, మెడ నరాలు కనిపించకూడదు, అద్దం ముందు చూసుకోండి. పైన ఇబ్బంది అయితే అర శ్రుతి తగ్గించండి, కింద స్వరం అందకపోతే అర శ్రుతి పెంచండి. మగవాళ్లలో ఎక్కువమంది ఒకటి, ఒకటిన్నర, రెండు, వీటిలో ఎక్కడో ఒకచోట కుదురుకుంటారు. ఇకనుంచి పాఠాన్ని ముందు వినండి, ఆపండి, మీ తంబూరా పెట్టుకుని పాడండి. పాఠంతో కలిసి మాత్రం పాడొద్దు.

ఇంకోటి. సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. అందులో స నుంచి రి చాలా దగ్గర, రి నుంచి గ దూరం. హార్మోనియం మెట్లలో లెక్కిస్తే (తెల్లవీ నల్లవీ కలిపి) స–రి మధ్య ఒక్క మెట్టు ఎడం, రి–గ మధ్య మూడు మెట్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలియకుండానే ఈ రెంటినీ సమం చేసేస్తారు. రి కాస్త పైకి పోతుంది, గ కాస్త కిందికి జారుతుంది. వరుస వేగంగా పాడితే తప్పు దాగుతుంది కానీ పోదు. అందుకని ముందు స, గ మాత్రమే పాడండి. తంబూరా కింది షడ్జమం తీగ మోగాక చెవి పెట్టి వింటే అందులోనే అంతర గాంధారం (ఈ రాగంలోని ‘గ’) లీలగా వినిపిస్తుంది, మీ గ దానితో కలిసిపోవాలి. గ స్థిరపడ్డాక రి పాడండి. రి షడ్జమానికి ఆనుకుని ఉన్నట్టు ఉండాలి. ద, ని విషయంలోనూ ఇంతే: ప–ద దగ్గర, ద–ని దూరం. ఈ నాలుగు స్వరాలు కుదరడానికి నెల పట్టినా నష్టం లేదు. కుదరకుండా జంట స్వరాలకు, అలంకారాలకు పోతే ఆ తప్పే మీతో గీతాల దాకా వస్తుంది.

నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుని మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మూడో కాలంలో గొంతు బిగిస్తే 50కి తగ్గించండి. అవే వరుసలను అకారంలో (స్వరాల పేర్లు లేకుండా ‘ఆ’ అంటూ) కూడా పాడాలి. దవడ వదులుగా దిగి, నాలుక కొన కింది పళ్లకు ఆని ఉండాలి. గంట ఒకేసారి కన్నా పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు మేలు. గుంట మగ్గం మీద రోజంతా వంగి పనిచేసిన వెన్ను, మెడ బిగిసి ఉంటాయి కాబట్టి ముందు ఐదు నిమిషాలు భుజాలు, మెడ తిప్పండి. బాసింపట్టు వేసుకునేటప్పుడు పిరుదుల కింద దుప్పటి మడత పెట్టుకుంటే నడుము నిటారుగా నిలుస్తుంది, పొట్టకు కదలిక ఉంటుంది.

*ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు. బడిలో పాటలకు వాడే ముందుండేవాడు. ఇప్పుడు పాడుతుంటే గొంతు పగులుతోంది, పిల్లలు నవ్వుతున్నారని మానేశాడు.*
— ఒక అమ్మ, దేవరకొండ

జవాబు: అమ్మా, బాబు గొంతు పాడవలేదు, పెరుగుతోంది. ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక పెద్దదై, తంత్రులు పొడుగై, గొంతు దాదాపు ఒక స్థాయి (పై ‘స’ నుంచి కింది ‘స’ అంత) కిందికి దిగుతుంది. కొత్త కొలతకు కండరాలు అలవాటు పడేదాకా అదుపు తప్పి కీచుమంటుంది. కొన్ని నెలల నుంచి ఏడాది దాకా ఇలా ఉండొచ్చు. పాట మాన్పించకండి. కానీ పాత శ్రుతిలో మాత్రం పాడనివ్వకండి. మెల్లగా, ఐదారు స్వరాల లోపు ఉండే పాటలు, రోజుకు పావుగంట. రెండు నెలలకోసారి శ్రుతి మళ్లీ చూడండి, ఎందుకంటే ఇప్పుడు సరిపోయినది అప్పటికి సరిపోదు. బడిలో టీచర్‌కు ఒక మాట చెప్పి ఈ ఏడాది తాళం, ఢోలక్ వాయించే పని ఇప్పిస్తే పాటకు దూరం కాకుండా ఉంటాడు.

*ప్రశ్న: సర్కారు బడిలో టీచర్‌ని. రోజుకు ఐదారు పీరియడ్లు, శనివారం భజన. నెలన్నరగా గొంతు బొంగురుగానే ఉంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నా, మిరియాల పాలు తాగుతున్నా. తగ్గట్లేదు.*
— వనపర్తి

జవాబు: ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి, మిగతావి తర్వాత. జలుబుతో వచ్చిన బొంగురు రెండు వారాల్లో పోతుంది. మూడు వారాలు దాటితే చిన్న కెమెరాతో స్వరపేటికను చూడాల్సిందే. కొద్ది నిమిషాల పని, పడుకోబెట్టి కోసేది ఏమీ ఉండదు. మీ ఊళ్లోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, ఉమ్మిలో నెత్తురు కనిపించినా, మెడలో గడ్డ తగిలినా ఆ రోజే వెళ్లాలి. బీడీ, గుట్కా అలవాటున్న వాళ్లయితే అసలు ఆగకూడదు.

గొంతును ఎక్కువగా వాడేవాళ్లకు తరచూ వచ్చేవి బొడిపెలు. రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా, ముందు నుంచి మూడో వంతు దూరంలో లేస్తాయి. అక్కడే తాకిడి ఎక్కువ. చేతికి కాయలు కాసినట్టే. కరక్కాయ రసం గొంతు గరగరను కాస్త తగ్గించవచ్చు, కానీ ఈ బొడిపెలను కరిగించదు. మనం మింగేది ఏదీ స్వరతంత్రులకు తగలదు, తగిలితే పొలమారుతుంది. అయితే భయపడాల్సిన పని లేదు, బొడిపెలకు మొదటి వైద్యం కత్తి కాదు. గొంతు వాడే తీరు మార్చే శిక్షణతోనే చాలామందికి తగ్గుతాయి.

ఈలోపు కొన్ని మానేయాలి. గొంతు సవరించుకోవడం మొదటిది: ఆ ‘ఖ్హ్’ తంత్రులను ఒకదానిమీద ఒకటి రుద్దుతుంది. దాని బదులు ఒక గుక్క నీళ్లు తాగి గట్టిగా మింగండి. గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు, కాదు. చాలామంది గొంతు బిగించే గుసగుసలాడతారు. మాట్లాడితే మెత్తగా మాట్లాడండి, లేదంటే మౌనంగా ఉండండి. క్లాసులో పిల్లలను ఆపడానికి అరవకుండా చప్పట్ల సైగ పెట్టుకోండి. నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్టు ఐదారు పీరియడ్ల టీచర్‌కు చీర, చెప్పుల్లాగే అవసరం. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. పొద్దున లేవగానే గొంతు బరువుగా, నోరు చేదుగా ఉంటోందంటే కడుపులో పులుపు పైకి తన్నుతోందేమో డాక్టర్‌కు చెప్పండి. బొంగురు తగ్గేదాకా శనివారం భజనలో తాళాలు పట్టుకోండి, పాట వద్దు.

*ప్రశ్న: కరోకే పెట్టుకుని పాడతాను. శ్రుతి, తాళం తప్పవు. అయినా పాట చప్పగా ఉందంటారు. లోపం ఎక్కడ?*
— డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: స్వరాలు పాడుతున్నారు, మాటలు పాడట్లేదు కావచ్చు. ఒక పల్లవి తీసుకోండి. రాగం లేకుండా ఎదుటివాళ్లకు చెబుతున్నట్టు మూడుసార్లు చదవండి. ఏ మాట మీద మీకు తెలియకుండా ఊనిక పడిందో దాని కింద గీత పెట్టండి. తర్వాత మాటలు లేకుండా రాగం మాత్రం ‘మ్‌’ అంటూ పాడండి. మూడోసారి రెండూ కలపండి. గీత పెట్టిన మాట దగ్గర శబ్దం కొద్దిగా పెరగాలి, లేదా దాని ముందు కొద్దిగా తగ్గాలి. తగ్గించడమే అందంగా ఉంటుంది, ఎక్కువమంది పెంచడమే చేస్తారు.

తెలుగు పాటకు ఇంకో ప్రాణం హ్రస్వ దీర్ఘాలు. మొదటి జవాబులోని ‘చెరువు కట్ట మీద’ వరుసలో ‘చెరువు’ను రాగం కోసం సాగదీసి ‘చేరువు’ అంటే నీళ్ల చెరువు కాస్తా ‘దగ్గర’ అన్న ధ్వనిలోకి పోతుంది. సాగదీతను దీర్ఘాల మీదికో, మాట చివరికో జరపండి. ద్విత్వాలు మింగొద్దు: ‘కట్ట’లో ‘ట్ట’ దగ్గర రెప్పపాటు ఆగాలి, ఆ ఆగడంలోనే తాళం వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో పాట తెలియనివాళ్లకు వినిపించండి. వాళ్లు మాటలన్నీ తిరిగి చెప్పగలిగితే సగం చప్పదనం పోయినట్టే. కరోకే శ్రుతి అసలు పాడినవాళ్లది, మీది కాదు. యాప్‌లో రెండు మూడు మెట్లు తగ్గించుకునే వీలుంటుంది, వాడుకోండి. గొంతు ఇరుకున పడ్డప్పుడు భావం పలకదు.

*ప్రశ్న: పల్లీలు, సీతాఫలం తింటే గొంతు పట్టేస్తుందంటారు. నిజమేనా?*
— జడ్చర్ల

జవాబు: పాలమూరులో ఉండి ఈ రెండూ మానేయడం ఎవరి తరం? మానక్కర్లేదు. వేయించిన పల్లీల పొడి గొంతులో అతుక్కుని గీరుతుంది, దాంతో గొంతు సవరించుకుంటాం, చెడుపు అక్కడ. పాడటానికి గంట ముందు తినకండి, తింటే నీళ్లు పుక్కిలించండి. సీతాఫలం తియ్యదనానికి ఉమ్మి చిక్కగా అనిపిస్తుంది, అదీ నీళ్లతో పోతుంది. నీళ్లు పాడే ముందు ఒక్కసారిగా తాగితే లాభం లేదు, తంత్రులకు తడి అందడానికి సమయం పడుతుంది. పొద్దుటి నుంచే కొద్దికొద్దిగా తాగాలి. ఆవిరి ఐదు నిమిషాలు మంచిదే, అందులో బామ్ మాత్రం కలపొద్దు, ఎండబెడుతుంది.

*ప్రశ్న: కురుమూర్తి జాతరకు మా భజన బృందం పోతుంది. మైకులో మా గొంతు మాకే వినబడదు, అరిచి అరిచి తెల్లారేసరికి అందరికీ గొంతు పోతుంది.*
— దేవరకద్ర

జవాబు: సౌండ్ బాక్సులన్నీ జనం వైపే తిప్పి ఉంటే అంతే అవుతుంది. మైక్ సెట్టు ఆయనను ముందే అడిగి ఒక చిన్న బాక్సు మీ వైపు తిప్పించుకోండి. అది మైకు వీపు వైపు ఉండాలి, మైకు మూతికి ఎదురుగా ఉంటే కూత పెడుతుంది. బాక్సు దొరక్కపోతే ఒక చెవిని వేలితో మూసుకుని పాడండి, మీ గొంతు లోపలి నుంచి వినిపిస్తుంది.

మైకు పెదాలకు రెండు మూడు వేళ్ల దూరంలో, కొంచెం వాలుగా పట్టాలి. జాలీని గుప్పిట్లో మూయొద్దు, మాట ముద్దగా వస్తుంది, కూత కూడా పెడుతుంది. పై స్వరానికి పోయేటప్పుడు జానెడు వెనక్కి జరపండి. శబ్దం పెంచే పని మైకుకు వదిలేయండి.

ఇక హార్మోనియం వాయించే ఆయనతో ఒక మాట. రాత్రంతా ఒకే శ్రుతి పట్టుకుని కూర్చోవద్దు. ఒకరికి రెండున్నర హాయిగా ఉంటే ఇంకొకరికి ఒకటిన్నరే అందుతుంది. పాట ఎత్తుకునే మనిషి మారినప్పుడల్లా మెట్టు మారాలి. ఎవరెవరికి ఏ మెట్టో ముందురోజే చూసుకుని, చిన్న చీటీ రాసి హార్మోనియం మూత లోపల అతికించుకోండి.